చదివింపుల పుస్తకం ముందేసుకుని సమాజశాస్త్రం నేర్చుకోవడం ఎలా

సోషియాలజీ కొత్తగా చదివేవాళ్లలో చాలామంది ఒకే చోట ఆగిపోతారు. నిర్వచనాలన్నీ నోటికి వస్తాయి. డర్క్‌హైమ్ ఏమన్నాడు, వెబర్ ఏమన్నాడు, మార్క్స్ ఏమన్నాడు అని అడిగితే గడగడా చెప్పేస్తారు. అదే, నిన్న మీ వీధిలో జరిగిన పెళ్లిని వాళ్లలో ఒకరి చూపుతో చూసి చెప్పమంటే మాట పెగలదు. డిగ్రీ పిల్లలైనా, గ్రూప్స్‌కో సివిల్స్‌కో తయారవుతున్నవాళ్లైనా ఇదే ఇబ్బంది. నాకు తెలిసి దీనికి మంచి దారి ఒకటుంది. ఇంట్లో బీరువాలో ఉన్న చదివింపుల పుస్తకం బయటికి తీయండి.

పెళ్లి మండపంలో ఓ పక్కన టేబుల్ వేసుకుని, బంధువుల్లో నమ్మకస్తుడొకరు కూర్చుని, ఎవరెంత ఇచ్చారో పేరుపేరునా రాస్తారే, ఆ పుస్తకం. కొన్ని ఊళ్లలో కట్నాలు రాయడం అంటారు. మొదటి పేజీకి నాలుగు మూలలా పసుపు, లోపల ఇంటిపేరు, పేరు, ఊరు, పక్కన 516, 1,116, 5,116 అంటూ అంకెలు. సమాజశాస్త్రం పునాది భావనల్లో చాలావాటిని ఈ ఒక్క పుస్తకం మీద పెట్టి చూడొచ్చు. ఒకే పేజీని ఒక్కో సిద్ధాంతకర్త ఒక్కో ప్రశ్న అడుగుతాడు. ఎవరి ప్రశ్నకు ఏం కనిపిస్తుందో, ఏం కనిపించకుండా పోతుందో మీకే తెలిసిపోతుంది. కింద చెప్పిన వరసలో చేసుకుంటూ వెళ్లండి. తీరిక ఉన్న రెండు మూడు మధ్యాహ్నాలు చాలు.

ముందు అనుమతి

పుస్తకం మీ ఇంటిదే అయినా ఇంట్లో పెద్దవాళ్లను అడిగి తీసుకోండి. అందులో ఉన్నది మీ ఒక్కరి సంగతి కాదు, రెండు మూడు వందల కుటుంబాల సంగతి. పేర్లు ఎక్కించుకోకండి. ప్రతి పేరుకూ ఒక నంబరు ఇచ్చి, పక్కన బంధుత్వం మాత్రం రాయండి. ఎవరు తక్కువ ఇచ్చారన్నది మీ నోటి నుంచి బయటికి పోకూడదు. పరిశోధనలో గోప్యత అనే పాఠం పుస్తకంలో అరపేజీ ఉంటుంది గానీ, దాని బరువు తెలిసేది ఇక్కడే.

తర్వాత రూళ్ల నోట్‌బుక్‌లో గడులు గీసుకోండి: బంధుత్వం లేదా పరిచయం, ఊరు, చేసే పని, ఇచ్చింది (డబ్బా, బట్టలా, వస్తువా), ఎంత, ఎవరి పేరు మీద. చివర్లో ఒక గడి ఖాళీగా వదలండి. అది ఇంట్లోవాళ్లు చెప్పే మాటలకు. "వీళ్లకు మనం పోయినేడు గృహప్రవేశానికి పెట్టాం" లాంటివి అందులోకి వెళ్తాయి. మీ అభిప్రాయాలకు వేరే పేజీ పెట్టుకోండి. పుస్తకంలో ఉన్నదీ మీకు అనిపించిందీ ఒకే గడిలో కలిసిపోతే తర్వాత విడదీయలేరు.

మాట్లాడుకోవడానికి వీలుగా ఒక ఊహా పేజీ పెట్టుకుందాం. పెళ్లికూతురి వైపు పుస్తకం, ఓ మోస్తరు పట్టణం.

1. మేనమామ: 10,116, చీర, పంచెల చాపు
2. తండ్రితో పనిచేసే ఉద్యోగి: 1,116
3. సర్పంచ్: 2,116
4. వీధి మలుపులో కిరాణా కొట్టాయన: 516
5. వీళ్ల పొలం కౌలుకు చేసే రైతు: 1,116
6. అమెరికాలో ఉన్న పెదనాన్న కొడుకు: 25,116, ఫోన్‌పేలో
7. మేనత్త: 5,116, రాసింది భర్త పేరు మీద

మీ పుస్తకంలో వరసలు వేరుగా ఉంటాయి. ఉండాలి కూడా.

టెన్షన్ ఎవరిది అని అడగండి

మొదటి ప్రశ్న అమెరికన్ సమాజశాస్త్రవేత్త సి. రైట్ మిల్స్‌ది. మనిషికి సొంత ఇబ్బందులుంటాయి, సమాజానికి బహిరంగ సమస్యలుంటాయి, ఈ రెండింటికీ మధ్య లంకె చూడగలగడమే ఈ శాస్త్రం నేర్పే చూపు అని ఆయన 1959లో రాశాడు.

దీన్ని ఐదో వరస మీద పెట్టండి. కౌలు రైతుకు ఆ నెలలో 1,116 సర్దుబాటు కాలేదనుకోండి. అది ఆయన టెన్షన్. పంట అమ్ముడుపోలేదు, ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదు, ఏదో కారణం. కానీ మాఘమాసంలో ముహూర్తాలన్నీ ఒకేసారి వచ్చి, వీధిలో సగం ఇళ్లు చదివింపుల కోసం చేబదుళ్లు తీసుకుంటున్నాయంటే, కారణం ఏ ఒక్కరి ఇంట్లోనో వెతికితే దొరకదు. ఆ మనిషిని తీసి అదే స్థానంలో ఇంకొకరిని పెట్టి చూడండి. ఇబ్బంది అలాగే ఉంటే అది స్థానానిది. మీ పేజీలో ఇలాంటి వరసలు ఒకటి రెండు గుర్తు పెట్టుకోండి. చివర రాసేటప్పుడు వాటితోనే మొదలుపెడతారు.

కట్టుబాటు తప్పితే ఏమవుతుందో కనుక్కోండి

రెండో ప్రశ్న ఫ్రెంచ్ సమాజశాస్త్రవేత్త ఎమిల్ డర్క్‌హైమ్‌ది. సమాజశాస్త్రానికి తనదంటూ ఒక విషయం ఉండాలని పట్టుబట్టి, దానికి సామాజిక యథార్థం అని పేరు పెట్టాడు. 1895లో రాసిన పద్ధతుల పుస్తకంలో దాని గుర్తులు చెప్పాడు. అది వ్యక్తికి బయట ఉంటుంది, వ్యక్తి మీద ఒత్తిడి తెస్తుంది, సమూహమంతటా వ్యాపించి ఉంటుంది.

బట్టీ పట్టడానికి ఇది ఒక వాక్యం. పుస్తకం మీద పెడితే ఒక పూట పని. అంకెలు చూడండి. దాదాపు అన్నీ 16తో ఎందుకు ముగుస్తున్నాయి? మీరు పుట్టకముందు నుంచీ ఉన్న పద్ధతి అది. మీరు కనిపెట్టలేదు, మీ నాన్నగారూ కనిపెట్టలేదు. అంటే వ్యక్తికి బయట ఉన్నదే. ఇక ఒత్తిడి సంగతి. దాన్ని మామూలప్పుడు ఎవరూ గమనించరు, ఎవరైనా తప్పినప్పుడే పైకి తేలుతుంది. కాబట్టి ఇంట్లో పెద్దావిడను ఈ మూడు ప్రశ్నలూ అడగండి. ఎవరైనా సరిగ్గా వెయ్యి రూపాయలిస్తే ఏమనుకుంటారు? మనం వాళ్లింట్లో పెట్టినదానికంటే తక్కువ తెస్తే ఏమంటారు? భోజనం చేసి, చదివించకుండా వెళ్లిపోతే?

జవాబులు ఆవిడ మాటల్లోనే రాసుకోండి. "ఏమీ అనుకోం" అంటూనే, ఎప్పుడో పాతికేళ్ల కిందట ఎవరో చేసిన తక్కువ గురించి చెప్పడం మొదలుపెడితే, డర్క్‌హైమ్ చెప్పిన శిక్ష మీ ఎదురుగా ఉన్నట్టే. పోలీసులు రారు, జరిమానా ఉండదు. ఆ ఇంటి పేరెత్తినప్పుడల్లా ఆ మాట వస్తుంది, అంతే. ఇలా చట్టం లేకుండానే నడిచే నియమాలను పాఠ్యపుస్తకాలు కట్టుబాట్లు, ప్రమాణాలు అంటాయి.

డర్క్‌హైమ్ నుంచి ఇంకో అలవాటు కూడా తీసుకోండి: ఒక్కొక్కరి మనసులో ఏముందో తవ్వడానికి ముందు సమూహాల మధ్య తేడా చూడటం. 1897లో ఆత్మహత్యల మీద చేసిన అధ్యయనంలో ఆయన వేర్వేరు మతాల వాళ్ల మధ్య, పెళ్లయినవాళ్లకూ కానివాళ్లకూ మధ్య రేట్లు పోల్చాడు. మీరూ మీ పట్టికలో తల్లివైపు, తండ్రివైపు, ఆఫీసు, వీధి అని నాలుగు కుప్పలు చేసి, ఒక్కో కుప్పలో ఎక్కువమంది ఇచ్చిన మొత్తం ఎంతో చూడండి. ఒక కుప్పలో అందరూ ఒకే అంకె దగ్గర ఉంటే, అక్కడ నియమం గట్టిగా ఉందన్నమాట. అంకెలు చెదిరి ఉన్నచోట ఎందుకు చెదిరాయో అడగాలి. ఆఫీసు కుప్ప సాధారణంగా ఒకే అంకె దగ్గర ఉంటుంది. ముందు రోజే "అందరం ఎంత వేద్దాం" అనుకుని వస్తారు మరి.

రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టండి

ఈ పనంతటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన మెట్టు ఇదే. దీని మీద ఎక్కువసేపు గడపండి.

డర్క్‌హైమ్‌కు మేనల్లుడు మార్సెల్ మోస్. పసిఫిక్ దీవుల్లో, ఉత్తర అమెరికా వాయవ్య తీరంలో కానుకలు ఎలా చేతులు మారతాయో పోల్చి, 1925లో ఒక సుదీర్ఘ వ్యాసం అచ్చు వేశాడు. కానుక చూడటానికి ఇష్టపూర్వకంగా ఇచ్చినట్టే ఉంటుంది. దాని వెనక మూడు బాధ్యతలుంటాయి: ఇవ్వాలి, ఇస్తే పుచ్చుకోవాలి, పుచ్చుకున్నాక తిరిగి ఇవ్వాలి. మనవాళ్లకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. శుభలేఖ రాగానే మన పాత పుస్తకం తీసి, వాళ్లు మనకెంత పెట్టారో చూసి, దాని మీద కొంత వేసి కవర్లో పెడతాం.

ఇప్పుడు చేయవలసిన పని. మీ ఇంట్లో రెండు పెళ్లిళ్ల పుస్తకాలుంటే రెండూ తీయండి. లేదంటే దగ్గరి బంధువుల పుస్తకం అడగండి. పది కుటుంబాలను ఎంచుకుని, ఆ ఇంటికీ మీ ఇంటికీ మధ్య ఏ ఏడు ఎంత వెళ్లింది, ఎంత వచ్చింది, ఒక గీత మీద వరుసగా వేయండి. ఒకరి నుంచి 516 వచ్చింది, ఆరేళ్ల తర్వాత మీరు 1,116 పెట్టారు, మరో నాలుగేళ్లకు 2,116 వచ్చింది అనుకోండి. గీత ఎప్పుడూ సరిసమానం కాదని గమనిస్తారు. ఎవరో ఒకరు ఎప్పుడూ కొంచెం బాకీలోనే ఉంటారు. సరిసమానమైపోతే తెగిపోయినట్టే, కొంచెం బాకీ ఉంటే రాకపోకలు ఉన్నట్టు. కొన్ని గీతలు ఒక్కసారిగా ఆగిపోతాయి. ఎందుకు ఆగాయో అడిగితే పొలం తగాదా, సంబంధం చెడిపోవడం, ఒక చావు, ఇలా మొత్తం కుటుంబ చరిత్ర బయటికొస్తుంది.

కాలం సంగతి కూడా చూడండి. ఫ్రెంచ్ సమాజశాస్త్రవేత్త పియరీ బూర్డ్యూ అల్జీరియాలోని కబైల్ గ్రామాలను చూసి మోస్‌కు ఒక మాట చేర్చాడు: ఇవ్వడానికీ తిరిగి ఇవ్వడానికీ మధ్య ఎడం ఉండాలి. నాకు పెళ్లిలో 1,116 పెట్టిన మనిషికి మర్నాడే వెళ్లి 1,116 చేతిలో పెడితే, కానుకను మొహాన కొట్టినట్టవుతుంది. అదే మొత్తం మూడేళ్ల తర్వాత వాళ్లబ్బాయి పెళ్లిలో ఇస్తే మర్యాద. డబ్బు అదే, ఆగిన కాలమే దాన్ని అప్పు నుంచి కానుకగా మారుస్తోంది.

ఆరో వరస చూడండి, ఇక్కడ చిక్కు ఉంది. అమెరికా నుంచి వచ్చిన 25,116ను ఈ ఇల్లు ఎప్పటికి తిరిగి పెట్టగలదు? తిరిగి పెట్టలేని కానుక పుచ్చుకున్నవాడిని కిందికి దించుతుందని మోస్ అన్నాడు. మీ ఇంట్లో అలాంటి కానుకను ఏమని సర్దిచెప్పుకుంటారో వినండి. "వాడికదెంత" అంటారా, "చిన్నప్పుడు మన ఇంట్లోనే ఉండి చదువుకున్నాడు" అంటారా? రెండో మాట అంటే, పాత బాకీ ఇప్పుడు తీరుతున్నట్టు లెక్క చూసుకుంటున్నారన్నమాట.

తమిళనాడులో తంజావూరు, పుదుక్కోట్టై వైపు మొయి విరుందు అని ఒకటి ఉంది. ఈ డబ్బుల కోసమే విందు పెడతారు. వచ్చింది వ్యాపారానికో చదువుకో వాడుకుని, తర్వాత వాళ్ల విందుల్లో తిరిగి చెల్లిస్తారు. కానుకకూ చీటీ పాటకూ మధ్య గీత ఎక్కడ గీయాలి అన్న ప్రశ్నకు ఇది మంచి ఉదాహరణ. పరీక్షలో రాస్తే బాగా నిలుస్తుంది.

ప్రకార్యం అనే మాటను జాగ్రత్తగా వాడండి

ప్రకార్యం (ఫంక్షన్) అంటే ఒక ఆచారం సమాజంలో చేసిపెట్టే పని. అమెరికన్ సమాజశాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ 1949లో దీన్ని వ్యక్త ప్రకార్యం, గుప్త ప్రకార్యం అని విడదీశాడు. అందరూ పైకి చెప్పేది వ్యక్తం: పెళ్లి ఖర్చుకు సాయం. ఎవరూ అనుకోకుండా జరిగిపోయేది గుప్తం: ఎవరు మనవాళ్లో ఒక జాబితా తయారవుతుంది, చేతిలో డబ్బున్నప్పుడు ఇచ్చి అవసరానికి తీసుకునే పొదుపు నడుస్తుంది. రెండు గడులు గీసి రాయండి, పది నిమిషాల పని. కానీ ఆచారం వల్ల ఒక ఉపయోగం ఉందని చూపినంత మాత్రాన అది అందుకే పుట్టిందని తేలదు. ప్రతి ప్రకార్యం పక్కనా "ఎవరికి ఉపయోగం?" అని రాసుకోండి. ఏటా ఇరవై పెళ్లిళ్లకు పెట్టి, ఇంట్లో పెళ్లికి ఎదిగిన పిల్లలెవరూ లేని మనిషికి ఈ పొదుపు తిరిగి రాదు.

పుస్తకంలో లేనివాళ్ల జాబితా రాయండి

ఇప్పటిదాకా పేజీలో ఉన్నవాళ్లను చూశాం. ఇక లేనివాళ్లను చూడాలి. కొత్త పేజీ తీసి, పెళ్లి జరగడానికి చెయ్యి వేసిన ప్రతి ఒక్కరినీ రాయండి. వంటవాళ్లు, వడ్డించినవాళ్లు, ఎంగిలి ఆకులు ఎత్తినవాళ్లు, మండపం కట్టినవాళ్లు, డప్పు కొట్టినవాళ్లు, సన్నాయివాళ్లు, కరెంటు లైట్లవాళ్లు. వీళ్లలో ఎంతమంది చదివింపుల పుస్తకంలో ఉన్నారు?

ఈ జాబితా మార్క్స్ దగ్గరికి తీసుకెళ్తుంది. ఆయన చూపులో వర్గం అంటే ఎంత సంపాదిస్తున్నారన్నది కాదు. భూమి, యంత్రం, పెట్టుబడి ఎవరి చేతిలో ఉన్నాయి, ఎవరు తమ శ్రమను అమ్ముకోవాల్సి వస్తోంది అన్నది. విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. రెండో వరస ఉద్యోగీ, ఐదో వరస కౌలు రైతూ 1,116 చొప్పునే ఇచ్చారు. అంకె చూస్తే ఇద్దరూ ఒకటే. కానీ ఉద్యోగికి ఈ ఇంటితో ఉన్నది పక్క కుర్చీ సంబంధం. రైతుకు వచ్చే ఏడు పొలం దక్కుతుందా లేదా అన్నది ఈ ఇంటి యజమాని మాట మీద ఉంది. ఆయన 1,116 ఇష్టంతో ఇచ్చాడా, ఇవ్వక తప్పదని ఇచ్చాడా? మోస్ చెప్పిన పరస్పరత ఇక్కడ సరిపోదు. ఎందుకంటే ఇచ్చిపుచ్చుకునే ఇద్దరూ సమాన నేల మీద లేరు.

పాత పద్ధతిని తెలిసినవాళ్లను అడిగి రాసుకోండి. ఊళ్లో చాకలి, మంగలి, కుమ్మరి, వడ్రంగి కుటుంబాలు పెళ్లిలో తమ వంతు పని చేయడం, కళ్లంలో మేరగా ధాన్యం పుచ్చుకోవడం ఉండేవి. ఉత్తర భారతంలోని ఇలాంటి ఏర్పాటును 1936లో విలియం వైజర్ జజ్మానీ వ్యవస్థ పేరుతో వివరించాడు. దాన్ని ఒకరికొకరు చేసుకునే సేవగా చూసినవాళ్లున్నారు, భూమి ఉన్నవాళ్లు లేనివాళ్ల శ్రమను కట్టిపడేసిన ఏర్పాటుగా చూసినవాళ్లున్నారు. మీ ఊరి పెద్దవాళ్లు చెప్పేది ఏ వైపు మొగ్గుతుందో చూడండి. ఎవరు చెప్తున్నారో కూడా పక్కన రాయండి. మేర కొలిచి ఇచ్చిన ఇంటి జ్ఞాపకం వేరు, అడిగి తెచ్చుకున్న ఇంటి జ్ఞాపకం వేరు. ఇప్పుడు ఈ పనుల్లో చాలావాటికి క్యాటరింగ్ కాంట్రాక్టర్ వచ్చాడు. ఎవరి ఆకులు ఎవరు ఎత్తుతున్నారన్నది మారిందా, లేక కూలి లెక్క మాత్రమే మారిందా? వెళ్లి అడిగితేనే తెలుస్తుంది.

పుస్తకంలో లేనిది ఇంకొకటుంది, అన్నిటికంటే పెద్ద మొత్తం. పెళ్లికొడుకు వైపు వెళ్లే కట్నం ఇందులో ఎక్కడా రాయరు. 1961 వరకట్న నిషేధ చట్టం ప్రకారం కట్నం ఇవ్వడం, తీసుకోవడం, అడగడం నేరం. అడగకుండా ఇచ్చే కానుకలను మాత్రం జాబితా రాసి ఉంచాలని 1985 నాటి నియమాలు చెబుతాయి. అంటే చట్టం రాయమన్న జాబితా చాలా ఇళ్లలో ఉండదు, చట్టం అడగని పుస్తకం ప్రతి ఇంట్లో భద్రంగా ఉంటుంది. అందరికీ తెలిసినది ఎందుకు రాయరు, రాసేది ఎందుకు రాస్తారు అన్న ప్రశ్నను మీ నోట్సులో పెద్దక్షరాలతో రాసుకోండి.

డబ్బు, గౌరవం, పలుకుబడి వేరుచేయండి

జర్మన్ సమాజశాస్త్రవేత్త మాక్స్ వెబర్ మార్క్స్‌ను తోసిపుచ్చలేదు, కానీ ఆర్థిక వర్గం ఒక్కటే సరిపోదన్నాడు. వర్గం, అంతస్తు, రాజకీయ బలం అని మూడు దారుల్లో అధికారం పంపిణీ అవుతుంది. చాలాసార్లు ఈ మూడూ ఒకే మనిషి దగ్గర ఉంటాయి. అప్పుడప్పుడు విడిపోతాయి. మీరు వెతకాల్సింది ఆ విడిపోయిన వరసలే.

మూడో వరసలో సర్పంచ్ 2,116 ఇచ్చాడు. ఫొటోలో పక్కన నిలబెట్టింది ఎవరిని? ముందు వరస కుర్చీలో కూర్చోబెట్టింది ఎవరిని? భోజనానికి మొదటి బంతిలో పిలిచింది ఎవరిని? ఇచ్చిన మొత్తం, దక్కిన మర్యాద పక్కపక్కన రాస్తే ఎక్కువ ఇచ్చినా వెనక వరసలో ఉన్నవాళ్లు, తక్కువ ఇచ్చినా ముందు కూర్చున్నవాళ్లు కనిపిస్తారు. పెళ్లి ఆల్బమ్ ఉంటే ఈ పని తేలిక.

వెబర్ ఇంకో పని చెప్తాడు: చేసేవాళ్ల దృష్టిలో ఆ పనికి అర్థమేమిటో తెలుసుకోమంటాడు. సామాజిక చర్యలను ఆయన నాలుగు రకాలుగా విడదీశాడు. కిరాణా కొట్టాయన 516 ఇవ్వడంలో ఖాతాదారును నిలుపుకునే లెక్క ఉంటే అది లక్ష్యం చూసుకుని చేసినది. మేనమామ చీర పెట్టడం సంప్రదాయం. స్నేహితురాలు అప్పటికప్పుడు వేలి ఉంగరం తీసి తొడిగితే అది భావోద్వేగం. కట్నం తీసుకున్న పెళ్లికి చదివించనని నియమం పెట్టుకున్నవాడిది విలువ కోసం చేసిన చర్య. నిజజీవితంలో ఒక్కో కానుకలో రెండు మూడు కలిసే ఉంటాయి. ఊహతో తేల్చేయకండి, ఇచ్చినవాళ్లలో ఒకరిద్దరిని అడగండి.

ఇక కులం. దీన్ని తప్పించుకుని మన పెళ్లి గురించి ఏ సిద్ధాంతమూ చెప్పలేం. డాక్టర్ అంబేద్కర్ పాతికేళ్ల వయసులో, 1916 మేలో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన పత్రంలో కులానికి మూలం అంతర్వివాహమే అన్నారు. తమలో తాము పెళ్లిళ్లు చేసుకుంటూ గిరి గీసుకోవడం వల్లనే కులం నిలుస్తోందన్నది ఆయన వాదన. చదివింపుల పుస్తకం, శుభలేఖ పక్కపక్కన పెట్టి చూడండి. పుస్తకంలో అన్ని కులాల పేర్లూ ఉండొచ్చు. కలిసి తిన్నారు, ఇచ్చారు, ఫొటో దిగారు. శుభలేఖ మీద వధూవరుల రెండు వంశాలూ మాత్రం దాదాపు ఎప్పుడూ ఒకే కులానివి. సహభోజనం వల్ల కులం పోతుందని నమ్మేవాళ్లకు అంబేద్కర్ తర్వాత, 1936లో ఇచ్చిన జవాబు కూడా ఇదే: కులాంతర వివాహమే అసలు మందు. ఈ సంగతి ఏ పుస్తకంలో చదివినా ఇంత స్పష్టంగా మనసుకెక్కదని నా నమ్మకం.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఎవరినీ కులం నేరుగా అడగకండి, నంబర్ల పక్కన రాయకండి. మీకు కావలసింది మొత్తం తీరు మాత్రమే.

సమాజశాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ చెప్పిన ప్రాబల్య కులం (ఊళ్లో సంఖ్య, భూమి, పలుకుబడి ఎక్కువగా ఉన్న కులం), సంస్కృతీకరణ (కింది కులాలవాళ్లు పై కులాల ఆచారాలు తెచ్చుకుని అంతస్తు పెంచుకోజూడటం) కూడా ఇక్కడే చూడొచ్చు. మీ తాతల కాలం పెళ్లికీ ఇప్పటి పెళ్లికీ తంతులో ఏవి కొత్తగా చేరాయో, అవి ఎవరిని చూసి తెచ్చుకున్నవో అడగండి. మన ప్రాంతపు ఊరి జీవితం వివరంగా కావాలంటే, హైదరాబాద్ దగ్గరి శామీర్‌పేట మీద ఎస్.సి. దూబే 1955లో వెలువరించిన అధ్యయనం ఉంది. ఇరావతీ కర్వే 1953లో భారత బంధుత్వాలను ప్రాంతాల వారీగా పోల్చి, దక్షిణాదిలో దగ్గరి బంధువుల్లోనే సంబంధం కలుపుకోవడాన్ని ప్రత్యేక లక్షణంగా చూపింది. మీ పుస్తకం మేనరికం పెళ్లిదైతే అది వెంటనే పట్టుకోవచ్చు. ఒకే మనిషి పెళ్లికూతురి వైపు మేనత్త, పెళ్లికొడుకు వైపు తల్లి. ఆవిడ ఏ పుస్తకంలో రాయించాలి?

పేరు ఎవరిది, పని ఎవరిది

ఏడో వరస దగ్గరికి మళ్లీ రండి. ఇచ్చింది మేనత్త, రాసింది ఆవిడ భర్త పేరు. మీ పుస్తకంలో ఆడవాళ్ల పేరు మీద ఉన్న వరసలు ఎన్నో లెక్కపెట్టండి. తర్వాత ఇంట్లో అడగండి: ఎవరింటికి ఎంత పెట్టాలో చెప్పేదెవరు? ఫలానావాళ్లకు పోయినసారి పెట్టిన చీర రంగు కూడా గుర్తున్నది ఎవరికి? పసుపు కుంకుమలతో పిలుపులకు తిరిగిందెవరు?

ఉత్తర కాలిఫోర్నియాలోని ఇటాలియన్ అమెరికన్ కుటుంబాలను అధ్యయనం చేసిన మికేలా డి లియోనార్డో, పండగ కార్డులు రాయడం, ఫోన్లు చేయడం, కానుకలు గుర్తుపెట్టుకోవడం లాంటి పనులు ఆడవాళ్లే చేస్తారనీ, దాన్ని ఎవరూ పనిగా లెక్కించరనీ 1987లో రాసింది. దానికి బంధుత్వ శ్రమ అని పేరు పెట్టింది. మన పుస్తకంలో మగవాళ్ల పేర్లున్నా, ఆ పుస్తకాన్ని నడిపేది చాలా ఇళ్లలో అమ్మలు, అత్తలు. ఈ సంగతి మార్క్స్ ప్రశ్నకూ దొరకలేదు, మోస్ ప్రశ్నకూ దొరకలేదు. స్త్రీవాదులు వచ్చి అడిగితేనే దొరికింది. ఒక సిద్ధాంతానికి ఏది కనిపించదో చెప్పమని పరీక్షలో అడిగితే, ఇంతకంటే గట్టి ఉదాహరణ అక్కర్లేదు.

మైకు, కవరు, క్యూఆర్ కోడ్

వీలుంటే ఈసారి పెళ్లికి వెళ్లినప్పుడు చదివింపుల టేబుల్ దగ్గర కాసేపు నిలబడండి. ఎర్వింగ్ గోఫ్‌మన్ మనుషుల మధ్య నడిచే వ్యవహారాన్ని రంగస్థలంలా చూశాడు. నలుగురి ముందు ఒక ప్రవర్తన, తెర వెనక ఇంకొకటి. ఎంత ఇచ్చారో మైకులో చదివే చోట ఇచ్చేవాళ్లు ఎలా నిలబడతారు? కవరు అంటించి ఇచ్చే చోట ఎలా ఇస్తారు? టేబుల్ మీద క్యూఆర్ కోడ్ స్టాండ్ పెట్టినచోట, డబ్బు పంపి ఫోన్ స్క్రీన్ రాసేవాళ్ల వైపు తిప్పి చూపిస్తారా? తెర వెనక కూడా చూడండి. పెళ్లికి బయల్దేరేముందు ఇంట్లో కవర్లో ఎంత పెట్టాలని జరిగే మాటలు, పెళ్లయ్యాక రాత్రి తలుపులేసుకుని పుస్తకం కూడిక వేసేటప్పుడు వచ్చే వ్యాఖ్యలు. అక్కడ కూర్చున్నవాళ్లలో మీరూ ఉంటే మీ మాటలు కూడా నోట్సులోకి ఎక్కించండి.

ఇక రాయండి

మొదట్లో గుర్తుపెట్టుకున్న ఒక్క వరస తీసుకోండి. దాని మీద రెండు పేజీలకు మించకుండా రాయండి. మొదటి పేరాలో ఏం జరిగిందో మాత్రమే చెప్పండి, సిద్ధాంతం వద్దు. తర్వాత ఇద్దరు సిద్ధాంతకర్తలను మాత్రమే తీసుకురండి. ఐదుగురినీ తెస్తే ఎవరి మాటా పూర్తికాదు. కౌలు రైతు వరసకు మోస్, మార్క్స్ బాగుంటారు. సర్పంచ్‌కు వెబర్, గోఫ్‌మన్. మేనత్తకు మోస్, డి లియోనార్డో. ఒక్కొక్కరూ ఈ వరసను ఎలా వివరిస్తారో రాశాక, ఏం కనిపిస్తే ఆ వివరణ తప్పని ఒప్పుకోవాల్సి వస్తుందో ఒక వాక్యం చేర్చండి. కౌలు రైతు ఇచ్చింది భయంతోనే అన్నారనుకోండి. అదే రైతు తనకు పొలం ఇవ్వని ఇళ్లలో కూడా 1,116 పెడుతున్నట్టు తేలితే మీ వాదన సడలుతుంది. ఆ సంగతి వెతికి చూశారా?

పరీక్ష కోసమైతే ఇదే సరుకును కుదించండి. భావనకు ఒక వాక్యం, ఎవరు ఎప్పుడు అన్నారో ఒక వాక్యం, మీ పుస్తకం నుంచి రెండు వాక్యాల ఉదాహరణ, పరిమితికి ఒక వాక్యం. పదిమంది రాసే ఉదాహరణలే మీరూ రాస్తే దిద్దేవాళ్లకు తేడా తెలియదు. మీరు చూసినది మీరు రాస్తే తెలుస్తుంది.

రాసింది పూర్తయ్యాక, పుస్తకం ఇచ్చినవాళ్ల దగ్గరికి వెళ్లి చదివి వినిపించండి. "అలా ఏం కాదు" అని అడ్డొచ్చిన ప్రతి చోటా ఆగి, వాళ్లు చెప్పింది మార్జిన్‌లో రాసుకోండి. వాళ్ల మాట సరైనదైతే మీ పేరా దిద్దండి. మీదే సరైనదనిపిస్తే రెండూ ఉంచి, ఎందుకు తేడా వచ్చిందో కింద నాలుగు లైన్లు చేర్చండి. పుస్తకం తిరిగి ఇచ్చేశాక, మీ దగ్గర నంబర్లున్న పేజీలు తప్ప పేర్లు కనిపించే ఫొటోలేవైనా ఫోన్‌లో మిగిలి ఉంటే చెరిపేయండి.